రాస్‌ప్‌బెర్రీ పై నుంచి మెయిల్ పంపడం ఎలా? టెర్మినల్‌లో జీమెయిల్ సర్వర్ సెటప్, నేను చేసిన తప్పుతో సహా

గతేడాది జూన్ 27 పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. "షాపులో కంప్యూటర్ ఆన్ అయితలేదురా, నల్ల స్క్రీన్ మీద ఏదో ఇంగ్లీషులో వస్తోంది" అన్నాడు. మాది ఖమ్మం జిల్లా. ఇంటి ముందు గదిలోనే నాన్న ఎరువులు, విత్తనాల షాపు. నేను ఉండేది హైదరాబాద్‌లో. ఆ ఇంగ్లీష్ అక్షరాలు ఒక్కొక్కటీ చదివించుకుంటే హార్డ్ డిస్క్ పోయిందని అర్థమైంది.

నిజం చెప్పాలంటే నేను పెద్దగా కంగారు పడలేదు. ఆ కంప్యూటర్ పక్కనే నేను పెట్టిన రాస్‌ప్‌బెర్రీ పై 4 ఉంది. రోజూ రాత్రి 8:30కి బిల్లింగ్ డేటా మొత్తాన్ని తేదీ పేరుతో ఒక ఫైల్‌గా తీసుకుని, తనకి తగిలించిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో దాస్తుంది. "ఏం కాదు నాన్నా, బ్యాకప్ ఉంది" అని ధైర్యం చెప్పి ఆ రాత్రే బస్సెక్కా.

వెళ్లి చూస్తే డిస్క్‌లో చివరి ఫైల్ తేదీ మే 16. అంటే 41 రోజుల లెక్కలు లేవు. అది కూడా ఎలాంటి 41 రోజులు? వానాకాలం పంట మొదలయ్యే టైం. రైతులు పత్తి విత్తనాలు, డీఏపీ, యూరియా ఉద్దెరకి తీసుకెళ్లి, పంట చేతికొచ్చాక కడతారు. ఎవరు ఎంత తీసుకెళ్లారన్నది ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. "లాంగ్ బుక్కు దేనికి నాన్నా, అంతా కంప్యూటర్‌లో ఉంటుంది కదా" అని మాన్పించింది కూడా నేనే.

నాన్న తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు: "అంటే నెలన్నర నుంచి ఆ డబ్బా పని చేయకపోతే, నీకేం చెప్పలేదా అది?"

ఈ ఆర్టికల్ ఆ ప్రశ్నకి జవాబు. మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్, రాస్‌ప్‌బెర్రీ పై, టెర్మక్స్ వేసిన పాత ఫోన్, ఏదైనా సరే, ఒక మూల కూర్చుని మీ కోసం పని చేస్తూ ఉంటే, ఏదైనా తేడా వస్తే అది మీకు మెయిల్ పెట్టేలా చేసుకోవడం ఎలాగో చెప్తా. అరగంట పని. నేను బద్ధకించిన అరగంట అది.

అసలు ఏం జరిగింది?

మే 17 సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. రెండు మూడు సార్లు వచ్చి పోయి, చివరికి నిలబడింది. పై మళ్లీ బూట్ అయింది కానీ ఆ గందరగోళంలో ఎక్స్‌టర్నల్ డిస్క్ మౌంట్ కాలేదు. డిస్క్ లేకపోయినా పై బూట్ అవ్వాలని నేనే సెట్టింగ్స్‌లో 'నోఫెయిల్' అనే ఆప్షన్ పెట్టా. దాంతో అది ఏ గొడవా లేకుండా లేచింది. బయటికి చూస్తే అంతా మామూలే.

డిస్క్ మౌంట్ కాకపోతే, దాని కోసం పెట్టిన ఫోల్డర్ మాత్రం అక్కడే ఖాళీగా ఉంటుంది. నా స్క్రిప్ట్‌కి ఆ తేడా తెలీదు. ఫోల్డర్ కనపడింది, కాపీ చేసింది. కానీ అది పడింది డిస్క్‌లో కాదు, పైలో ఉన్న 32 జీబీ మెమరీ కార్డ్‌లో. అందులో ఖాళీ దాదాపు 18 జీబీ, ఒక్కో ఫైల్ 1.2 జీబీ. 15 రోజుల్లో కార్డ్ నిండిపోయింది. జూన్ 1 నుంచి ప్రతి రాత్రీ స్క్రిప్ట్ 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది.

మరి ఆ ఎర్రర్ ఎవరికి చెప్పింది? ఇక్కడే అసలు విషయం ఉంది. రోజూ ఒక టైంకి పని చేయించే ప్రోగ్రామ్‌ని లినక్స్‌లో క్రాన్ అంటారు. క్రాన్‌కి ఒక మంచి అలవాటు ఉంది. తను నడిపించిన పని ఏదైనా అవుట్‌పుట్ గానీ ఎర్రర్ గానీ బయటికి చెప్తే, దాన్ని మెయిల్ చేయాలని చూస్తుంది. అయితే మెయిల్ తీసుకెళ్లే ప్రోగ్రామ్ ఒకటి ఆ మెషీన్‌లో ఉండాలి. దాన్ని ఎంటీఏ, అంటే మెయిల్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ అంటారు. నా పైలో అది లేదు. సిస్టమ్ లాగ్ తెరిచి చూస్తే జూన్ 1 నుంచి ప్రతి రాత్రీ ఒకే లైను: 'నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్.' మెయిల్ తీసుకెళ్లేవాళ్లు లేరు, అందుకే పారేస్తున్నా అని దాని అర్థం.

అంటే నాన్న అడిగిన దానికి జవాబు, ఆ డబ్బా చెప్పింది. 26 రాత్రులు చెప్పింది. వినేవాళ్లని నేను పెట్టలేదు.

మెయిల్ ఎందుకు? టెలిగ్రామ్ బాట్ చాలదా?

చాలామంది అడిగేది ఇదే. టెలిగ్రామ్ బాట్ కూడా బాగానే పని చేస్తుంది, వాడుకోండి. కానీ మెయిల్‌కి రెండు లాభాలున్నాయి. ఒకటి, క్రాన్, హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌డీ లాంటి పాత లినక్స్ టూల్స్ అన్నీ పుట్టుకతోనే మెయిల్ పంపడం తెలిసినవి. ఒక్కసారి దారి చూపిస్తే చాలు, వాటి కోసం వేరే కోడ్ రాయక్కర్లేదు. రెండు, మెయిల్ అందుకోవడానికి మీ ఇంట్లోవాళ్లు ఏ కొత్త యాప్ వేసుకోనక్కర్లేదు. మామూలుగా ఏ ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయినా జీమెయిల్ ఉండనే ఉంటుంది. ఈ రెండో లాభం ఎంత పనికొచ్చిందో చివర్లో చెప్తా.

నేరుగా పంపితే ఎందుకు వెళ్లదు?

నేను మొదట చేసిన ప్రయత్నం ఫెయిల్ అయింది. ఎందుకో తెలిస్తే మిగతాది సులువు, అందుకే చెప్తున్నా.

ఎంటీఏ లేదన్నారు కదా అని, పోస్ట్‌ఫిక్స్ అనే పేరున్న మెయిల్ సర్వర్‌ని ఇన్‌స్టాల్ చేసేశా. ఇప్పుడు నా పైయే ఒక మెయిల్ సర్వర్. ఒక టెస్ట్ మెయిల్ కొట్టా. టెర్మినల్ ఏ ఎర్రరూ ఇవ్వలేదు. హమ్మయ్య అనుకున్నా. గంటైనా మెయిల్ రాలేదు. లాగ్ చూస్తే 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'. మెయిల్ పై లోపలే క్యూలో కూర్చుని ఉంది.

మెయిల్ పంపే భాషని ఎస్ఎంటీపీ అంటారు. దాని మొదటి స్పెసిఫికేషన్ 1981లో వచ్చింది. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నది కొద్దిమంది, ఒకరినొకరు నమ్మేవాళ్లు. ఏ మెషీన్ అయినా ఇంకో మెషీన్‌కి 25వ నంబర్ పోర్ట్ మీద నేరుగా ఉత్తరం ఇచ్చేయొచ్చు. తర్వాత స్పామ్ వచ్చింది. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు లక్షల కొద్దీ చెత్త మెయిల్స్ పంపడం మొదలుపెట్టాయి. దాంతో చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్ల నుంచి బయటికెళ్లే 25వ పోర్ట్‌ని మూసేశాయి. గూగుల్ క్లౌడ్, అమెజాన్ ఈసీ2 లాంటి క్లౌడ్ సర్వర్ల మీద కూడా అది మామూలుగా మూసే ఉంటుంది.

ఒకవేళ తెరిచి ఉన్నా లాభం లేదు. ఇళ్లకి ఇచ్చే ఐపీ అడ్రస్‌ల లిస్టులు మెయిల్ కంపెనీల దగ్గర ఉంటాయి. 'ఈ అడ్రస్ నుంచి నేరుగా మెయిల్ రాకూడదు' అని గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. పైగా 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రూల్స్ గట్టిపడ్డాయి. మెయిల్ పంపే డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ అనే గుర్తింపు ఉండాలి, పంపే ఐపీకి సరైన రివర్స్ డీఎన్ఎస్ ఉండాలి. ఖమ్మం జిల్లాలో ఎరువుల షాపులో ఉన్న పైకి ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తాం?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక కవరు పట్టుకుని గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. అదే కవరు కొరియర్ అబ్బాయి ఐడీ కార్డ్ వేసుకుని తెస్తే రిజిస్టర్‌లో రాసుకుని పంపిస్తాడు. కాబట్టి మనం కవరు పట్టుకుని గేటు దగ్గరికి పోకూడదు. కొరియర్ ఆఫీస్‌కి వెళ్లి, మన ఐడీ చూపించి, కవరు వాళ్ల చేతిలో పెట్టాలి.

ఆ కొరియర్ ఆఫీస్ పేరే బయటి మెయిల్ సర్వర్. మన విషయంలో జీమెయిల్ వాళ్ల ఎస్ఎంటీపీ సర్వర్. దానితో మాట్లాడటానికి 25 కాదు, 587 లేదా 465 పోర్ట్ వాడతాం. ఈ రెండూ యూజర్ లాగిన్ అయి మెయిల్ అప్పగించడానికి ఉన్నవి కాబట్టి ఇంటి కనెక్షన్ల మీద వీటిని సాధారణంగా మూయరు.

ముందు ఐడీ కార్డ్: యాప్ పాస్‌వర్డ్

మీ సొంత జీమెయిల్ అకౌంట్‌ని దీనికి వాడకండి. మెషీన్ కోసం ఒక కొత్త జీమెయిల్ అకౌంట్ తెరవండి. కారణం చెప్తా. మనం ఇవ్వబోయే పాస్‌వర్డ్ ఆ మెషీన్‌లో ఒక ఫైల్‌లో ఉంటుంది. రేపు ఎవరైనా ఆ మెమరీ కార్డ్ పట్టుకెళ్లినా, పోయేది ఒక ఖాళీ అకౌంట్ మాత్రమే కావాలి. మీ బ్యాంక్ మెయిల్స్ ఉన్న అకౌంట్ కాకూడదు.

ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ ఇక్కడ పని చేయదు. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు పాస్‌వర్డ్‌తో ఇలా బయటి ప్రోగ్రామ్‌ల నుంచి లాగిన్ అవడాన్ని ఆపేసింది. యూట్యూబ్‌లో 'లెస్ సెక్యూర్ యాప్స్ ఆన్ చేయండి' అని చెప్పే పాత వీడియోలు ఇంకా ఉన్నాయి. వాటిని వదిలేయండి, ఇప్పుడు ఆ స్విచ్చే లేదు.

చేయాల్సింది ఇది. కొత్త అకౌంట్‌లో ముందు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. తర్వాత గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో 'యాప్ పాస్‌వర్డ్స్' అని సెర్చ్ చేసి, ఏదో ఒక పేరు ఇచ్చి క్రియేట్ చేయండి. నాలుగేసి అక్షరాలుగా విడగొట్టి 16 అక్షరాలు చూపిస్తుంది. మళ్లీ చూపించదు, అప్పుడే కాపీ చేసుకోండి. టూ స్టెప్ వెరిఫికేషన్ లేకపోతే ఈ ఆప్షన్ కనిపించదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అవుట్‌లుక్ పర్సనల్ అకౌంట్ వాడదామనుకుంటే ఒక మాట. 2024 సెప్టెంబర్ నుంచి అక్కడ ఇలాంటి పాస్‌వర్డ్ లాగిన్ కుదరదు. మన పనికి జీమెయిలే సులువు.

ఇన్‌స్టాల్, సెట్టింగ్స్

మనం వాడబోయే ప్రోగ్రామ్ పేరు ఎంఎస్ఎంటీపీ. ఇది పోస్ట్‌ఫిక్స్ లాగా పెద్ద సర్వర్ కాదు. మెయిల్ తీసుకుని, కొరియర్ ఆఫీస్‌కి ఇచ్చి, రసీదు తెచ్చే చిన్న ప్రోగ్రామ్, అంతే. కింద పేర్లన్నీ పలికినట్టు తెలుగులో రాస్తున్నా. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టండి.

రాస్‌ప్‌బెర్రీ పై, డెబియన్, ఉబుంటు ఏదైనా ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో రెండు ప్యాకేజీలు వేయండి: ఎంఎస్ఎంటీపీ, ఇంకా ఎంఎస్ఎంటీపీ హైఫన్ ఎంటీఏ. రెండోది ముఖ్యం. క్రాన్ లాంటి పాత ప్రోగ్రామ్‌లు 'సెండ్‌మెయిల్' అనే పేరుతో వెతుకుతాయి. వాటికి ఆ పేరుతో ఎంఎస్ఎంటీపీని చూపించేది ఈ ప్యాకేజీనే. మీ దగ్గర ముందే పోస్ట్‌ఫిక్స్ ఉంటే దాన్ని తీసేస్తానని అడుగుతుంది, ఒప్పుకోండి. మధ్యలో యాప్‌ఆర్మర్ ఆన్ చేయాలా అని అడిగితే 'నో' అనండి. ఆన్ చేస్తే లాగ్ ఫైల్ రాసేటప్పుడు కొన్నిసార్లు పర్మిషన్ గొడవలొస్తాయి.

తర్వాత మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ చేయండి. పేరు ముందు డాట్ పెట్టి, ఎంఎస్ఎంటీపీఆర్‌సీ, మధ్యలో ఖాళీ లేకుండా. అందులో ఒక్కో లైనులో ఒక్కో సెట్టింగ్. ముందు పేరు, ఒక స్పేస్, తర్వాత విలువ:

- అకౌంట్: మీకు నచ్చిన పేరు, ఉదాహరణకి జీమెయిల్
- హోస్ట్: ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్
- పోర్ట్: 587
- టీఎల్ఎస్: ఆన్
- ఆథ్: ఆన్
- ఫ్రమ్: కొత్త జీమెయిల్ అడ్రస్
- యూజర్: మళ్లీ అదే అడ్రస్, పూర్తిగా
- పాస్‌వర్డ్: 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్, స్పేస్‌లు తీసేసి
- లాగ్‌ఫైల్: లాగ్ ఎక్కడ రాయాలో ఆ ఫైల్ దారి

చివర్లో ఇంకో లైను: అకౌంట్ డిఫాల్ట్, కోలన్, పైన ఇచ్చిన పేరు. పై లిస్టులో నేను కోలన్ పెట్టింది చదవడానికి వీలుగా. ఫైల్‌లో కోలన్ వచ్చేది ఈ చివరి లైనులో మాత్రమే.

587 బదులు 465 వాడాలనుకుంటే 'టీఎల్ఎస్ స్టార్ట్‌టీఎల్ఎస్ ఆఫ్' అనే లైను అదనంగా కావాలి, మొదటి రెండు మాటల మధ్య అండర్‌స్కోర్‌తో. తేడా ఏంటంటే, 587లో మామూలుగా పలకరించి తర్వాత ఎన్‌క్రిప్షన్‌లోకి మారతారు, 465లో మొదటి అక్షరం నుంచే ఎన్‌క్రిప్షన్. రెండూ మంచివే.

ఫైల్ సేవ్ చేశాక సీహెచ్‌మోడ్ 600 కొట్టడం మర్చిపోవద్దు. అంటే మీరు తప్ప వేరే యూజర్ ఎవరూ చదవలేరు. ఇది చేయకపోతే ఎంఎస్ఎంటీపీ పని చేయనని మొండికేస్తుంది. అది దాని మంచితనమే.

మొదటి మెయిల్

మెయిల్ అంటే లోపల ఏమీ లేదు, మామూలు టెక్స్ట్. మొదట 'సబ్జెక్ట్' అనే మాట, కోలన్, విషయం. తర్వాత కచ్చితంగా ఒక ఖాళీ లైను. ఆ తర్వాత మేటర్. ఆ ఖాళీ లైనే అడ్రస్ భాగానికీ ఉత్తరానికీ మధ్య గీత. అది మర్చిపోతే మీరు రాసిన మేటర్ కనిపించకుండా పోవచ్చు. ఈ మూడింటినీ ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో రాసి, నిలువు గీత గుర్తుతో ఎంఎస్ఎంటీపీకి అందించి, చివర్లో ఎవరికి వెళ్లాలో ఆ అడ్రస్ ఇవ్వండి. ఎంటర్ కొట్టండి.

మేటర్ తెలుగులో పంపాలంటే సబ్జెక్ట్ కింద ఇంకో లైను కావాలి: 'కంటెంట్ టైప్' హెడర్‌లో టెక్స్ట్ ప్లెయిన్, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పాలి. లేకపోతే కొన్ని మెయిల్ యాప్‌లలో తెలుగు బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. సబ్జెక్ట్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి, తలనొప్పి ఉండదు.

ఇప్పుడు లాగ్ ఫైల్ చూడండి. ఎస్ఎంటీపీ స్టేటస్ 250, ఎగ్జిట్ కోడ్ 'ఓకే' అని ఉంటే గూగుల్ మీ కవరు తీసుకున్నట్టు. జాగ్రత్త, తీసుకున్నట్టు మాత్రమే. ఇన్‌బాక్స్‌లో పడిందో లేదో ఫోన్ తీసి చూడాల్సిందే. మొదటిసారి స్పామ్‌లో పడే అవకాశం ఉంది. అలా పడితే 'నాట్ స్పామ్' కొట్టి, ఆ అడ్రస్‌కి ఫిల్టర్ పెట్టి 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' టిక్ చేయండి.

మెయిల్ వెళ్లకపోతే ఎక్కువగా కనిపించేవి ఇవి:

535 ఎర్రర్: యూజర్ పేరు గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు. యాప్ పాస్‌వర్డ్ మళ్లీ సరిచూసుకోండి.

534 ఎర్రర్: మీరు అసలు పాస్‌వర్డ్ ఇచ్చారు, యాప్ పాస్‌వర్డ్ కావాలి అంటోంది.

కనెక్షన్ టైమ్డ్ అవుట్: పోర్ట్ నంబర్ తప్పయినా కావచ్చు, మీ నెట్‌వర్క్ ఆ పోర్ట్‌ని మూసేసి అయినా ఉండొచ్చు. ఆఫీస్ వైఫైలో ఇది మామూలే. మొబైల్ హాట్‌స్పాట్‌తో ఒకసారి చూడండి.

అప్పటికీ తెలియకపోతే డీబగ్ ఆప్షన్‌తో నడిపిస్తే సర్వర్‌తో జరిగిన సంభాషణ అంతా చూపిస్తుంది. కానీ ఆ అవుట్‌పుట్‌ని కాపీ చేసి వాట్సాప్ గ్రూపుల్లో 'హెల్ప్ ప్లీజ్' అని పెట్టకండి. అందులో మీ పాస్‌వర్డ్ సులువుగా విప్పగలిగే రూపంలో ఉంటుంది.

క్రాన్‌కి దారి చూపించడం

క్రాన్ తనంతట తాను పంపే మెయిల్స్ కోసం అదే సెట్టింగ్స్‌ని ఈటీసీ ఫోల్డర్‌లో కూడా పెట్టండి. అక్కడ పేరు ముందు డాట్ ఉండదు. ఓనర్ రూట్, గ్రూప్ ఎంఎస్ఎంటీపీ, పర్మిషన్ 640. లాగ్‌ఫైల్ లైను బదులు 'సిస్‌లాగ్ ఆన్' అని పెడితే రికార్డు సిస్టమ్ లాగ్‌లోకే వెళ్తుంది. తర్వాత క్రాన్‌ట్యాబ్ తెరిచి, అన్నిటికన్నా పైన 'మెయిల్‌టూ' అని పెద్దక్షరాల్లో రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, మీ అడ్రస్ ఇవ్వండి. ఇది లేకపోతే క్రాన్ ఆ మెషీన్‌లోని యూజర్ పేరుకి మెయిల్ రాస్తుంది, ఆ పేరు ఎవరిదో గూగుల్‌కి తెలీదు కాబట్టి తిప్పి కొడుతుంది.

పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వాడేవాళ్లకి కూడా పద్ధతి ఇదే. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసి, అందులో ఎంఎస్ఎంటీపీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, హోమ్ ఫోల్డర్‌లో అదే ఫైల్ పెడితే సరిపోతుంది. టెర్మక్స్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయడం మర్చిపోతే మాత్రం ఆండ్రాయిడ్ దాన్ని నిద్రలోనే చంపేస్తుంది.

పర్సనల్ జీమెయిల్ నుంచి రోజుకి 500 మెయిల్స్ వరకే పంపొచ్చు. ఇంటి అవసరానికి ఇది ఎక్కువే. కానీ స్క్రిప్ట్‌లో తప్పు జరిగి నిమిషానికో మెయిల్ వెళ్లేలా రాస్తే పొద్దున మొదలెట్టి సాయంత్రానికి లిమిట్ అయిపోతుంది, చూసుకోండి.

ఎర్రర్ వస్తేనే మెయిల్ పంపితే చాలదు

సెటప్ అంతా అయ్యాక నాకు ఒక డౌట్ వచ్చింది. మే 17 నుంచి మే 31 వరకు నా స్క్రిప్ట్ ఏ ఎర్రరూ ఇవ్వలేదు. కాపీ సక్సెస్ అనే అనుకుంది. అప్పుడు మెయిల్ సెటప్ ఉండి ఉన్నా, మొదటి 15 రోజులు నాకేమీ తెలిసేది కాదు. అందుకే స్క్రిప్ట్‌ని మార్చి రాశా.

ముందు మౌంట్‌పాయింట్ అనే కమాండ్‌తో డిస్క్ నిజంగా తగిలి ఉందో లేదో చూస్తుంది. లేకపోతే కాపీ చేయకుండా వెంటనే ఫెయిల్ అని మెయిల్ పెడుతుంది. కాపీ అయ్యాక ఆ ఫైల్ తేదీ ఇవాళ్టిదేనా, సైజు నిన్నటి కన్నా తగ్గిందా అని చూస్తుంది. తర్వాత, మంచైనా చెడైనా, ప్రతి రాత్రీ ఒక మెయిల్. సబ్జెక్ట్‌లో ఓకే లేదా ఫెయిల్. లోపల ఫైల్ పేరు, సైజు, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది, అంతే. 'బ్యాకప్ సక్సెస్' అనే ఉత్త మాట మీద నాకిప్పుడు నమ్మకం లేదు. అంకెలు చూపించమంటా.

ఇంకోటి, ఎంఎస్ఎంటీపీ తనంతట తాను మెయిల్స్ దాచుకుని తర్వాత పంపదు. ఆ క్షణంలో నెట్ లేకపోతే ఫెయిల్, కథ అయిపోయింది. కాబట్టి ఫెయిల్ అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ, మొత్తం మూడు సార్లు ప్రయత్నించమని స్క్రిప్ట్‌లో రాశా. మూడు రోజులు నెట్ లేకపోతే మెయిలూ రాదు. అప్పుడు మెయిల్ రాకపోవడమే మనకి కబురు.

ఆ కబురు పట్టుకోవడం మనుషులకి కష్టం. వచ్చింది కనిపిస్తుంది, రానిది కనిపించదు. దీనికోసం హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ లాంటి సర్వీసులున్నాయి. మీ స్క్రిప్ట్ రోజూ పని అయ్యాక వాళ్లకి ఒక పలకరింపు పంపాలి. టైంకి రాకపోతే వాళ్లే మీకు మెయిల్ పెడతారు. నేను అది కూడా పెట్టా. కానీ దానికన్నా ముందు పట్టుకున్నది వేరే ఒకరు.

మరి ఆ లెక్కలు?

పోయినవాటి సంగతి చెప్పాలి కదా. డిస్క్‌ని మళ్లీ మౌంట్ చేశాక చివరి ఫైల్ మే 16ది కనిపించిందని చెప్పా. రెండు రోజులు అలాగే అనుకుని కూర్చున్నాం. 32 జీబీ కార్డ్ దేంతో నిండిందా అని వెతికితే ఎక్కడా పెద్ద ఫైళ్లు లేవు. అప్పుడు వెలిగింది. ఒక ఫోల్డర్ మీద డిస్క్‌ని మౌంట్ చేస్తే, ఆ ఫోల్డర్‌లో అంతకుముందు ఉన్నవి డిస్క్ కింద దాక్కుంటాయి. పోవు, కనపడవు. డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి చూస్తే మే 17 నుంచి మే 31 దాకా 15 ఫైళ్లు అలాగే ఉన్నాయి. పోయింది 41 రోజులు కాదు, 26 రోజులు.

ఆ 26 రోజులు మాత్రం రాలేదు. జూన్ నెల, ఉద్దెర ఎక్కువగా పోయే నెల. నాన్న ఒక్కొక్క రైతునీ పిలిచి అడిగాడు. చాలామంది జేబులోంచి బిల్లు తీసి చూపించారు, కొందరు గుర్తు చేసుకుని చెప్పారు. కొందరు గుర్తులేదన్నారు. వాళ్ల దగ్గర నాన్న గట్టిగా అడగలేదు. ఎంత పోయిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేకపోయా.

మరుసటి రోజు నుంచి లాంగ్ బుక్ మళ్లీ కౌంటర్ మీదికి వచ్చింది. ఈసారి నేనేమీ అనలేదు.

రాత్రి మెయిల్ మాత్రం నాతో పాటు నాన్న ఫోన్‌కి కూడా వెళ్తుంది. షాపు మూసి, అన్నం తిన్నాక చూస్తాడు. అందులో రాసింది ఆయనకి ఎంత అర్థమవుతుందో నాకు తెలీదు. మొన్న డిసెంబర్‌లో ఒక రాత్రి 9:30కి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇయ్యాల డబ్బా నుంచి మెయిల్ రాలేదురా" అన్నాడు.

చూస్తే తప్పు నాదే. ఆ పొద్దున ఆ గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చా. అకౌంట్ పాస్‌వర్డ్ మారిస్తే గూగుల్ యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేస్తుంది. లాగ్‌లో 535 ఎర్రర్ మూడు సార్లు ఉంది. కొత్త యాప్ పాస్‌వర్డ్ తీసి పెట్టి, ఇక్కడి నుంచే మళ్లీ నడిపించా. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

"వచ్చిందా నాన్నా?"

"ఆఁ, వచ్చింది. ఓకే అని ఉంది. పడుకో ఇగ."